పెద్దమ్మ మందుల్లో ఏమేం ఉన్నాయి

మా పెద్దమ్మ క్యాప్సూల్ విప్పి, లోపలి మందుని కల్వంలో నూరి, తేనెలో కలిపి నాకుతోందని నేను కనిపెట్టింది ఒక ఆదివారం పొద్దున. అప్పటికి ఆవిడ అలా చేయడం మొదలుపెట్టి నెల దాటింది. ఆ నెల రోజుల్లో కడుపులో మంట తగ్గకపోగా పెరిగింది. రాజమండ్రి డాక్టరు గారు ఇంకో పదిహేను రోజులు చూసి మళ్ళీ నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూద్దామన్నారు. మందు ఎందుకు పని చేయడం లేదో ఆయనకూ అర్థం కాలేదు, మాకూ అర్థం కాలేదు.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. ద్రాక్షారామంలో మా ఇంట్లోనే పక్క వాటాలో ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా ఆవిడ వృత్తి తద్దినాల వంట. తద్దినం నాడు చనిపోయిన పెద్దల స్థానంలో కూర్చుని భోజనం చేసే బ్రాహ్మలని భోక్తలంటారు. వాళ్ళకి పెట్టే వంట ఎవరు పడితే వాళ్ళు చేయడానికి లేదు. తలస్నానం చేసి, మడిబట్ట కట్టుకుని, ఎవరినీ తాకకుండా, ఏదీ రుచి చూడకుండా, భోక్తలు లేచేదాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా చేయాలి. మిరపకాయ బదులు మిరియాలు. ఉప్పు సరిపోయిందో లేదో వాసన చూసి చెప్పగలిగే చెయ్యి మా పెద్దమ్మది. చుట్టుపక్కల పది ఊళ్ళలో తద్దినం తిథి తెలియగానే పురోహితుడి కంటే ముందు ఆవిడకి ఫోన్ చేసే ఇళ్ళున్నాయి.

ఆవిడకి ఇంకో అలవాటు ఉంది. భోక్తలు విస్తళ్ళ ముందు కూర్చోగానే వంటింటి గడప దగ్గర నిలబడి, ఏ పదార్థంలో ఏమేం వేసిందో చెబుతుంది. ఎవరూ అడగరు. అయినా చెబుతుంది. పెసరపప్పులో నెయ్యి, ఆవుది. అల్లం పచ్చడిలో బెల్లం, చింతపండు, ఇంగువ లేదు. చిన్నప్పుడు నాకది క్లాసులో హాజరు వేసినట్టు అనిపించేది.

గంటలు గంటలు నిలబడి వండడం వల్ల మోకాళ్ళు అరిగాయి. నొప్పి మాత్రలు ఏళ్ళ తరబడి వేసుకుంది. వాటివల్ల కడుపులో పుండు పడి, రక్తం కారి, ఒకరోజు స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడిపోయింది. రాజమండ్రిలో నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచి, నొప్పి మాత్రలు పూర్తిగా మాన్పించి, ఆసిడ్ తగ్గించే క్యాప్సూల్స్ రోజుకి రెండు చొప్పున రెండు నెలలు వాడమని పంపారు. పుండు మానకపోతే మళ్ళీ రక్తం కారొచ్చనీ, ఈసారి తట్టుకోవడం కష్టమనీ నాతో విడిగా చెప్పారు.

నేను బి.ఫార్మసీ చదివాను. రామచంద్రపురంలో ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుగా పని చేస్తున్నాను. క్యాప్సూల్స్ తెచ్చిచ్చింది నేనే. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, తిండికి అరగంట ముందు అని స్ట్రిప్పు మీద తెలుగులో రాసిచ్చిందీ నేనే. ఎలా మింగాలో మాత్రం రాయలేదు. అది కూడా రాయాలని అప్పట్లో నాకు తట్టలేదు.

ఆ ఆదివారం నేను ఆవిడ వాటాలోకి వెళ్ళేసరికి కల్వం ముందు కూర్చుని ఉంది. పక్కన పేపరు ముక్కలో విప్పిన ఖాళీ తొడుగు ఉంది. కల్వంలో ఆవగింజల కంటే చిన్న తెల్లటి గుళికలు సగం నలిగి ఉన్నాయి.

"ఏంటి పెద్దమ్మా ఇది?"

"మందేరా. పై తొడుగు ఎముకలతో చేస్తారని నువ్వేగా చెప్పావు. అది పారేసి లోపలిది తీసుకుంటున్నాను."

చెప్పిన మాట నిజమే. కాలేజీలో రెండో సంవత్సరం ఖాళీ క్యాప్సూల్స్‌లో పొడి నింపే ప్రాక్టికల్ చేసి ఇంటికి వచ్చిన రోజు, భోజనాల దగ్గర నా చదువంతా ప్రదర్శించాను. జెలటిన్ అంటే ఏంటి, పశువుల ఎముకలనీ చర్మాలనీ ఎలా నానబెడతారు, ఎలా ఉడకబెట్టి జిగురు తీస్తారు, అన్నీ వరసగా. అమ్మ పక్కకి తిరిగి కూర్చుంది. పెద్దమ్మ మాత్రం శ్రద్ధగా విని, ఇంకో గరిటె మజ్జిగ పోసింది. ఆవిడ దాన్ని అయిదేళ్ళు గుర్తు పెట్టుకుంటుందని నేననుకోలేదు.

కల్వం పక్కన కూర్చుని చెప్పాను. ఆ గుళికలు ఒక్కోదానికీ సన్నటి పూత ఉంటుంది. ఈ మందు కడుపులోని ఆసిడ్ తగిలితే పాడైపోతుంది, అందుకే పూత వేసి, కడుపు దాటి పేగుల్లోకి వెళ్ళాక కరిగేలా చేస్తారు. తొడుగు విప్పినా ఫరవాలేదు, గుళికలు నలగకుండా ఉంటే చాలు. నూరితే పూత పోతుంది. పూత పోతే మందు పోతుంది.

పెద్దమ్మ పొత్రం పక్కన పెట్టింది.

"అయితే నెల రోజులుగా నేను మందు వేసుకోనట్టేనా?"

"చాలావరకు అంతే."

"ఆయుర్వేదం మాత్రలన్నీ నూరే కదురా తీసుకుంటాం. ఇదీ అంతే అనుకున్నాను. నువ్వు సగం చెప్పి వదిలేశావు."

కోపం లేదు ఆ మాటలో. వంటలో ఉప్పు తక్కువైందన్నట్టు చెప్పింది. ఇన్నేళ్ళ చదువులో ఏ ప్రొఫెసరూ నా తప్పుని అంత కచ్చితంగా చెప్పలేదు.

తరవాత లేచి బీరువాలోంచి స్టీలు డబ్బా తెచ్చి నా ముందు బోర్లించింది. మొత్తం అయిదు రకాల మందులు. వీటిలో ఏమేం ఉన్నాయో చెప్పమంది. పన్నెండు రోజుల్లో ఒక ఇంట్లో తద్దినం ఒప్పుకుంది. ఇరవై ఏళ్ళుగా వండుతున్న ఇల్లు. తెలియక ఒంట్లోకి పోయింది వేరు గానీ, తెలిసి జంతువు ఎముక మింగి వెళ్ళి ఆ వంట చెయ్యనంది. మందు మానేస్తే ఎలా అని నేనడిగితే, అప్పుడు వంట మానేస్తానంది. వంట మానేస్తే ఆవిడ ఏమవుతుందో నాకు తెలుసు. మందు మానేస్తే ఏమవుతుందో డాక్టరు గారు చెప్పారు.

అమ్మ నన్ను పెరట్లోకి పిలిచి, ఏదో ఒకటి చెప్పి మింగించెయ్యరా అంది. మర్నాడు షాపులో ఓనరు గారితో అంటే ఆయనా అదే మాట. "చింతగింజల పిండితో చేస్తారని చెప్పెయ్యవయ్యా. పెద్దావిడ ప్రాణం కంటే ఎక్కువా?" అన్నారు. ఆయన మంచివారే, మా పెద్దమ్మ మీద అభిమానంతోనే అన్నారు. ఒక్క క్షణం నాకూ ఆశ పుట్టింది. కానీ ముప్పై ఏళ్ళుగా గడప దగ్గర నిలబడి అడగనివాళ్ళకి కూడా లెక్క చెబుతున్న మనిషికి, తనే అడిగితే అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

అమ్మే మందుల గురించి నాకు ఎంత తక్కువ తెలుసో ఆ పన్నెండు రోజుల్లోనే తెలిసింది. స్ట్రిప్పు మీద అసలు మందు పేరు, మోతాదు, రంగు వేస్తే ఆ రంగు పేరు ఉంటాయి. మిగతావన్నీ కలిపి ఒకే మాట, ఎక్సిపియెంట్స్ క్యూ.ఎస్. అంటే, మాత్ర మాత్రలా నిలబడడానికి కలిపే ఇతర పదార్థాలు, తగినంత. పెద్దమ్మకి అది చదివి చెబితే చాలాసేపు నవ్వింది.

"తగినంత అని నేనూ అంటాను. కానీ తగినంత ఏంటో చెప్తాను కదరా. తగినంత అని ఊరుకుంటే ఇంట్లోకి రానిస్తారా నన్ను?"

ఒక పెద్ద తెల్ల కాగితం తీసుకుని అయిదు గడులు గీశాను. మందు. అందులో కలిపినవి. అవి దేన్నుంచి వచ్చాయి. ఎవరు చెప్పారు. నోటితో చెప్పారా, రాసిచ్చారా. ఆ అయిదో గడి పెట్టినందుకు నాకిప్పటికీ గర్వంగా ఉంటుంది, ఎందుకంటే పనంతా తేలింది అక్కడే.

మొదట ఆసిడ్ మందు. డాక్టరు గారికి ఫోన్ చేసి, ఇలా నూరుకుంటోందండీ అని చెప్పాను. మోతాదు రెట్టింపు చేద్దామనుకుంటున్నానయ్యా, మంచి పని చేశావు అన్నారు. అదే జాతి మందు పూత వేసిన మాత్రగా దొరుకుతుంది, దానికి మార్చారు. విరవకుండా, నమలకుండా మింగాలని ఈసారి రాశాను. కంపెనీకి మెయిల్ పెడితే మూడో రోజు జవాబు వచ్చింది. పూత ల్యాబులో తయారైన పదార్థం, లోపల కలిపే కొవ్వు పదార్థం మొక్కల నూనె నుంచి. రాసిచ్చారు. అప్పటినుంచి ఆ డాక్టరు గారు కొత్త పేషెంట్లందరినీ, మాత్ర ఎలా మింగుతున్నారు, ఏం చేసి మింగుతున్నారు అని అడుగుతున్నారట. ఆయన కాంపౌండరు మా షాపుకి వచ్చి చెప్పాడు.

రెండోది ఐరన్ మాత్ర, రక్తం పోయింది కాబట్టి ఇచ్చారు. ఎర్రగా ఉంటుంది. ఎరుపంటే నాకు అనుమానం, కొన్ని ఎర్ర రంగులు పురుగుల్ని ఎండబెట్టి తీస్తారు. దీనిది మాత్రం ఇనుప తుప్పు లాంటి ఖనిజం రంగు, స్ట్రిప్పు మీదే ఉంది. మిగతాది కంపెనీ వాళ్ళు రాసిచ్చారు, అన్నీ మొక్కలవే.

మూడోది కాల్షియం. లేబుల్ భూతద్దం పెట్టి చదివితే ఆల్చిప్పల నుంచి తీసిన కాల్షియం అని ఉంది. నేనే ఎన్ని వందలసార్లు ఆ డబ్బా కవర్లో వేసి ఇచ్చానో. పెద్దమ్మ దాన్ని పక్కన పెట్టేసింది. సున్నపురాయి నుంచి తీసినది ఉంటే, అది తెచ్చాను. నాలుగోది వారానికి ఒకటి వేసుకునే విటమిన్ డి. మెత్తటి గుండ్రటి క్యాప్సూల్, మళ్ళీ జెలటినే. అదే మందు పొడి ప్యాకెట్టుగా దొరుకుతుంది. అయితే పొడికి మార్చినా ఆ విటమిన్ని తీసేది గొర్రె ఉన్నికి అంటుకుని ఉండే జిడ్డు నుంచి. అది చెప్పకుండా వదిలేయొచ్చు, ఎవరూ కనిపెట్టరు. చెప్పాను.

పెద్దమ్మ ఆలోచించింది. "గొర్రెని చంపుతారా?"

"లేదు, ఉన్ని కత్తిరించాక కడిగి తీస్తారు."

"ఉన్నితో నేసిన ధావళిబట్ట మడికి పనికొస్తుంది కదా. మరి దాని జిడ్డెందుకు పనికిరాదు? వేసుకుంటాను."

నాకు కొంచెం చిలిపితనం ఎక్కువైంది. మరి పట్టుబట్ట మాటేంటి, పురుగుల్ని ఉడకబెడతారు కదా అన్నాను. అమ్మ నా వైపు కళ్ళెర్రజేసింది. పెద్దమ్మ మాత్రం, దానికి నా దగ్గర సమాధానం లేదురా, అందుకే నాలుగేళ్ళుగా నూలుబట్టే తడిపి ఆరేసుకుని కట్టుకుంటున్నాను, చూళ్ళేదా అంది. చూళ్ళేదు. రోజూ దండెం మీద ఆరుతున్న బట్టని నేను చూడనే లేదు.

అయిదోది బీపీ మాత్ర. అక్కడ ఆగిపోయింది నా పని. మాత్రలు అచ్చుకి అంటుకోకుండా అందులో మెగ్నీషియం స్టియరేట్ అనే పొడి కలుపుతారు. ఒక్క మాత్రలో మిల్లీగ్రాము, అటూ ఇటూగా. దాన్ని పామాయిల్ నుంచీ చేయొచ్చు, పశువుల కొవ్వు నుంచీ చేయొచ్చు. తయారయ్యాక ఏది దేన్నుంచి వచ్చిందో నా బోటి వాడు చూసి చెప్పలేడు. ఆ మందు మూడు కంపెనీలది మా షాపులో ఉంది. ఒక కంపెనీ నుంచి ఫోన్లో మాట్లాడినాయన నేను ప్రశ్న పూర్తి చేయకముందే, పూర్తిగా వెజ్ అండి అన్నారు. అది రాసి పంపుతారా అంటే, ఆ సమాచారం మా దగ్గర ఉండదండి అన్నారు. రెండో కంపెనీ వాళ్ళు నిజాయితీగా, సరఫరా చేసేవాళ్ళు మారుతుంటారు, రెండు రకాలూ రావచ్చు అని రాశారు. మూడోవాళ్ళు జవాబే ఇవ్వలేదు. మూడుసార్లు మెయిల్ పెట్టాను.

తద్దినానికి రెండు రోజుల ముందు కాగితం పెద్దమ్మ చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని పై నుంచి కింది దాకా వేలు పెట్టి చదివింది. చివరి వరసలో మూడో గడిలో "తెలియదు" అని ఉంది.

"కనుక్కోలేకపోయావా?"

"లేదు పెద్దమ్మా. మొదటి కంపెనీ ఆయన వెజ్ అన్నాడు గానీ, చూసి చెప్పిన మాట కాదు."

"మానేస్తే?"

"మానకూడదు. బీపీ పెరిగితే ఏమవుతుందో నీకూ తెలుసు."

ఇంక వంట మానేస్తానంటుందని నేను సిద్ధపడ్డాను. కాగితం నాలుగు మడతలు పెట్టి, వేసుకుంటానులే అంది. కానీ ఆ ఇంటివాళ్ళకి ముందే చెప్తాననీ, వాళ్ళు వద్దంటే తిరిగి వచ్చేస్తాననీ, వచ్చేస్తే ఇంక ఏ ఇంటికీ వెళ్ళననీ కూడా అంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు కదా అక్కా అని అమ్మ గొణిగింది. పెద్దమ్మ కాగితాన్ని చేతిసంచిలో పెట్టుకుంది.

తద్దినం రోజు పొద్దున ఆరింటికల్లా ఆవిడని బండి మీద కాలవ గట్టు వెంట ఆ ఊరు తీసుకెళ్ళాను. ఆ ఇంటాయన బ్యాంకులో పని చేసి రిటైరయ్యారు. తండ్రి తద్దినం. తడి తలతో వీధి గుమ్మంలోకే వచ్చి, రండి రండి, నూతి దగ్గర నీళ్ళు తోడి ఉంచాం అన్నారు. హాల్లో కుర్చీలో వాళ్ళ మేనత్త, బాగా పెద్దావిడ, జపమాల తిప్పుతూ కూర్చుని ఉంది.

పెద్దమ్మ గడప దాటలేదు. చేతిసంచి కింద పెట్టి, తనకి కడుపులో పుండు పడిందనీ, అయిదు మందులు వాడుతోందనీ, నాలుగింటి సంగతి తెలిసిందనీ, బీపీ మాత్రలో కలిపే ఒక పొడి మొక్కలదో పశువులదో తేలలేదనీ నిలబడి చెప్పింది.

మేనత్త గారు జపం ఆపారు. "ఏం మింగుతోందో తెలియకుండా మడి ఏంటమ్మా మరి?"

"అందుకేనండి, పొయ్యి వెలిగించకముందే చెప్తున్నాను. మీరు వద్దంటే వెళ్ళిపోతాను. పక్క ఊళ్ళో వండే ఆవిడకి నిన్ననే చెప్పి ఉంచాను, అరగంటలో వస్తుంది."

ఇంటాయన ఇబ్బందిగా నిలబడ్డారు. ఇవన్నీ కనుక్కున్నదెవరని అడిగితే పెద్దమ్మ నన్ను చూపించింది. కాగితం చూపించమన్నారు. గుమ్మం దగ్గరే నిలబడి, బ్యాంకులో కాగితాలు చూసినట్టు ఒక్కో గడీ చదివారు. చివరి వరస దగ్గర ఆగి, లోపలికెళ్ళి టీవీ పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చి, అందులోంచి ఒక స్ట్రిప్పు తీసి నా చేతిలో పెట్టారు.

"ఇదేనా?"

"ఇదేనండి. కంపెనీ కూడా ఇదే."

"పన్నెండేళ్ళుగా వేసుకుంటున్నానయ్యా. తద్దినం పెట్టే కర్తని నేను. ఒక్కసారి కూడా అడగలేదు."

మేనత్త గారు కుర్చీలో కొంచెం ముందుకి వంగారు. "పొద్దున్నే నాకిచ్చే తెల్ల మాత్ర?"

"అదీ ఇదే అత్తా."

ఆవిడ జపమాల వైపు చూసుకున్నారు. నా వైపు చూశారు.

"మేం అడగలేదు, ఆవిడ అడిగింది. అంతేగా తేడా" అన్నారు మేనత్త గారు చివరికి. "వెళ్ళి స్నానం చెయ్యమ్మా, పొద్దెక్కుతోంది. గారెల పప్పు మడిలోనే రుబ్బించి ఉంచాం, చూసుకో."

పెద్దమ్మ సంచి తీసుకుని ఇంటి పక్క సందులోంచి నూతి వైపు వెళ్ళింది. మోకాళ్ళ వల్ల అడుగు మెల్లగానే పడుతుంది గానీ, తల మాత్రం నిటారుగా ఉంది. కాసేపటికి నూతి దగ్గర చేదతో నీళ్ళు గుమ్మరించుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆ తరవాత రెండు నెలలకి గొట్టం వేసి చూసిన డాక్టరు గారు, పుండు పూర్తిగా మానిపోయిందని ఫొటో చూపించారు. ఆ ఫొటో నా ఫోన్లో దాచుకున్నాను. కానీ నేను గెలిచానని నాకనిపించింది ఆ ఫొటో చూసినప్పుడు కాదు. ఆ ఇంటి అరుగు మీద కూర్చుని, లోపల మొదటి పొయ్యి అంటుకున్న వాసన వచ్చినప్పుడు.